కచేరీ కదలని ఊరు: కాటన్‌వుడ్ ఫాల్స్
(ఒక చరిత్ర అధ్యయన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయినప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు, జిల్లా కేంద్రం మా ఊరికే రావాలంటూ ఎన్నిచోట్ల రిలే దీక్షలు, బందులు, రాస్తారోకోలు జరిగాయో మీకందరికీ గుర్తుండే ఉంటుంది. నేను రెవెన్యూ శాఖలో పనిచేసినవాణ్ని. కార్యాలయం బోర్డు ఒక ఊళ్ళో దించి మరో ఊళ్ళో తగిలిస్తే దాని వెంట దస్తావేజు లేఖరులు, జిరాక్సు దుకాణాలు, మెస్సులు, లాడ్జీలు, ఆటోస్టాండు, అద్దె ఇళ్ళు ఎలా తరలిపోతాయో దగ్గరగా చూశాను. అందుకే అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఒక చిన్న కౌంటీ (మన జిల్లా వంటిది) కేంద్రం చరిత్ర నన్ను ప్రత్యేకంగా ఆకట్టుకుంది. ఆ ఊరు కాటన్‌వుడ్ ఫాల్స్. చేజ్ కౌంటీకి అది కేంద్రం. 2020 జనగణన ప్రకారం ఊరి జనాభా 851; కౌంటీ మొత్తం కలిపి 2,572. విస్తీర్ణం మాత్రం రెండువేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అంటే మన దగ్గర ఒక పెద్ద పంచాయతీలో ఉండేంతమంది కూడా లేని ఆ ప్రాంతానికి సొంత షెరీఫ్ (పోలీసు అధికారి), సొంత ఖజానా, సొంత రిజిస్ట్రేషన్ కార్యాలయం, కోర్టూ కార్యాలయాలూ నడిచే సొంత కచేరీ భవనం ఉన్నాయి. ఇంత కొద్దిమందికి ఇంత యంత్రాంగం ఎందుకు ఏర్పడింది, ఏర్పడినది ఇన్నేళ్ళు ఎలా నిలిచింది అన్నదే ఈ రోజు నా విషయం.

ముందుగా అక్కడి నేల గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ ఊరి కథలో సగం నేల కథే. కాన్సస్ తూర్పు భాగంలో ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక కొండల వరస సాగుతుంది. కొండలంటే మన శేషాచలం వంటివి కావు. గుండ్రటి మిట్టలు, వాటి మధ్య వాలు పల్లాలు, పైన చెట్టన్నది దాదాపు లేని గడ్డి. 1806లో జెబ్యులన్ పైక్ అనే సైనికాధికారి ఆ దారిన వెళుతూ తన దినచర్యలో వాటిని కరకు చెకుముకిరాళ్ళ కొండలని రాసుకున్నాడు; ఫ్లింట్ హిల్స్ అన్న పేరు అలా స్థిరపడింది. పైన మట్టి పొర పలుచన. దాని కింద సున్నపురాయి మన బేతంచెర్ల, తాండూరు నాపరాయిలాగా పరుపులు పరుపులుగా ఉంటుంది, ఆ పరుపుల్లో చెకుముకి ముక్కలు పొదిగి ఉంటాయి. నాగలి వేస్తే కర్రు విరగడమే తప్ప చాలు పడదు. ఉత్తర అమెరికా నడిబొడ్డున ఒకప్పుడు 17 కోట్ల ఎకరాల్లో ఎత్తు గడ్డి మైదానం ఉండేదని అంచనా. అందులో ఈనాడు మిగిలినది నూటికి నాలుగు పాళ్ళ లోపే. ఆ మిగిలినదాంట్లో అధికభాగం ఈ కొండల మీదే ఉంది. తక్కిన మైదానమంతా మొక్కజొన్నగా, గోధుమగా, సోయాగా మారిపోయింది. ఇక్కడ గడ్డిని కాపాడినది మనుషుల దయ కాదు, రాయి.

అయితే కౌంటీ అంతా రాయి కాదు. కాటన్‌వుడ్ నది పారే లోయలో మాత్రం లోతైన ఒండ్రుమట్టి ఉంది. అందువల్ల మొదటినుంచీ అక్కడ రెండు రకాల జీవనాలు పక్కపక్కన సాగాయి: లోయలో దున్నుకొనే రైతులు, మిట్టల మీద పశువులు మేపుకొనే రాంచి (పశుక్షేత్రం) యజమానులు. నది అడుగున అడ్డంగా వచ్చిన రాతి మెట్టు మీదుగా నీళ్ళు కొద్దిగా దుమికే చోట, దక్షిణపు ఒడ్డున ఊరు వెలిసింది. ఊరి పేరులో జలపాతం ఉంది గాని నయాగరాను ఊహించుకోకండి. దానికి ఆనకట్ట కట్టి పిండిమర తిప్పారు. తొలినాళ్ళలో రైతు బండి కట్టుకొని ఊరికి రావడానికి ఆ మర ఒక పెద్ద కారణం.

కౌంటీని ఏర్పాటు చేయించిన మనిషి శామ్యూల్ న్యూవిట్ వుడ్, లోకం పిలిచే పేరు శామ్ వుడ్. 1825లో ఒహాయోలో, శాంతిని బోధించే క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి ఇంట పుట్టాడు. కాన్సస్‌లో బానిసత్వం ఉండాలా, వద్దా అన్న పోరు రగులుతున్న 1854లో బానిసత్వం వద్దనే పక్షాన అక్కడికి వచ్చాడు. 1855 నవంబరులో షెరీఫ్ పట్టుకుపోతున్న జేకబ్ బ్రాన్సన్ అనే తమవాణ్ని దారికాచి విడిపించిన ముఠాకు నాయకత్వం వహించి, ఆ ప్రాంతాన్ని యుద్ధం అంచుదాకా తీసుకువెళ్ళాడు. 1859లో ఈ కాటన్‌వుడ్ లోయకు వచ్చి, ప్రాంతీయ శాసనసభ చేత కొత్త కౌంటీ ఏర్పాటు చేయించాడు. దానికి తన సొంత రాష్ట్రపు గవర్నరూ, బానిసత్వానికి గట్టి వ్యతిరేకీ అయిన సామన్ పి. చేజ్ పేరు పెట్టారు. ఈ చేజ్ ఆ తరువాత లింకన్ ప్రభుత్వంలో ఖజానా మంత్రి, ఆపైన సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. అదే ఏడాది వుడ్ కాటన్‌వుడ్ ఫాల్స్‌లో ఒక పత్రిక మొదలుపెట్టి, కొద్ది నెలలకే దాన్ని పొరుగున ఉన్న కౌన్సిల్ గ్రోవ్‌కు తరలించాడు. వుడ్ స్వభావమంతా ఇందులో కనబడుతుంది: మొదలుపెట్టడంలో ఉన్న ఉత్సాహం కుదురుగా ఉండటంలో లేదు. 1867లో కాన్సస్ ఓటర్ల ముందుకు స్త్రీలకు ఓటుహక్కు, నల్లవారికి ఓటుహక్కు అన్న రెండు ప్రతిపాదనలు వచ్చినప్పుడు రెండింటికీ కలిపి ప్రచారం నడిపినవాళ్ళలో అతడు ముఖ్యుడు. లూసీ స్టోన్, సూజన్ ఆంథొనీ వంటి స్త్రీహక్కుల నాయకురాళ్ళు ఆ ప్రచారానికి కాన్సస్ వచ్చారు. రెండు ప్రతిపాదనలూ ఓడిపోయాయి. వుడ్ కథ ఇంకా ఉంది, మళ్ళీ వస్తాను.

కౌంటీ అంటే ఏమిటో ఒక మాట. మన జిల్లాకు కలెక్టరును పైనుంచి ప్రభుత్వం పంపుతుంది. రెండేళ్ళకో మూడేళ్ళకో బదిలీ చేస్తుంది. కాన్సస్ కౌంటీలో కలెక్టరు అన్న వ్యవస్థే లేదు. సాధారణంగా, ఎన్నికైన ముగ్గురు కమిషనర్లు బడ్జెటు, పన్ను, రోడ్లు చూస్తారు. షెరీఫ్, క్లర్కు, ఖజానాదారు, దస్తావేజుల రిజిస్ట్రారు, కౌంటీ తరఫు న్యాయవాది అందరూ ఓట్లతో వచ్చేవారే. మన రిజిస్ట్రారును ప్రజలు ఎన్నుకోవడం అన్నది ఊహించుకోండి. నాకైతే ఉద్యోగంలో ఉండగా ఆ ఆలోచన వస్తే నిద్ర పట్టేది కాదు. కాన్సస్‌లో ఇటువంటి కౌంటీలు 105 ఉన్నాయి. రైతు గుర్రపుబండి మీద బయలుదేరి, కేంద్రానికి వెళ్ళి, పన్ను కట్టి, దస్తావేజు రాయించుకొని, పొద్దుగూకేలోపు ఇంటికి చేరుకోగలగాలి అన్న లెక్క ఆ కాలపు కౌంటీల వెనక ఉంది. కార్లు వచ్చి నూరేళ్ళు దాటినా ఆ గుర్రపుబండి లెక్కను ఎవరూ మార్చలేదు.

ఇక కచేరీ భవనం. ఊరికి ప్రాణం అక్కడ ఉంది గనుక కొంచెం నిలబడి చూద్దాం. 1870 జనగణన నాటికి కౌంటీలో ఉన్నది రెండువేల లోపు జనం. చాలామంది ఇంకా దుంగల ఇళ్ళలో ఉంటున్నారు. ఆ స్థితిలో, 1871లో, వాళ్ళు రాతి కచేరీ కట్టడానికి పూనుకున్నారు. పూర్తయ్యేసరికి ఖర్చు 40 వేల డాలర్లు దాటింది. తలసరిన చూస్తే మనిషికి ఇరవై డాలర్ల పైమాటే. నక్షా గీసినవాడు జాన్ జి. హాస్కెల్, కాన్సస్ రాష్ట్రానికి తొలి వాస్తుశిల్పిగా టొపీకాలోని శాసనసభా భవనం మీద పనిచేసినవాడు. అప్పట్లో పారిస్ నుంచి వచ్చి అమెరికాలో మోజుగా ఉన్న రెండవ సామ్రాజ్య శైలిలో కట్టాడు: నిట్టనిలువుగా వాలి పైకి వెళ్ళే ఎర్రని మాన్సార్డ్ కప్పు, దాని మీద గడియార గోపురం, ఆపైన జెండా కర్ర. గోడలు దగ్గరి గనిలో తీసి చేత్తో చెక్కిన సున్నపురాయి. లోపలి మెట్లవరస మాత్రం నది ఒడ్డున పెరిగిన నల్ల వాల్‌నట్ కర్రతో చేసినది; అది మూడు అంతస్తుల మీదుగా మెలికలు తిరుగుతూ పైకి వెళుతుంది. కింద నిలబడి తల ఎత్తి చూస్తే చేతిపట్టె చుట్టలు చుట్టుకుంటూ పోయి పైన చిన్నదైపోతుంది. నూటయాభై ఏళ్ళుగా వేల చేతులు పట్టుకు ఎక్కిన కర్ర గనుక నునుపు తేలి మెరుస్తుంది. పన్ను కట్టడానికి వచ్చిన రైతూ, పెళ్ళి లైసెన్సు కోసం వచ్చిన జంటా, బోనులో నిలబడబోయే ముద్దాయీ ఆ పట్టెనే పట్టుకొని ఎక్కారు. బ్రాడ్‌వే అని పిలిచే, ఇటుకలు పరిచిన ప్రధాన వీధి తిన్నగా వెళ్ళి ఈ భవనం ముందు ఆగిపోతుంది. వీధిలో ఎక్కడ నిలబడ్డా కచేరీ ఎదురుగానే ఉంటుంది. ఊరి నిర్మాణమే దానికి నమస్కరిస్తున్నట్టు ఉంటుంది. 1873 అక్టోబరులో ప్రారంభోత్సవం జరిగింది. కాన్సస్‌లో నేటికీ వాడుకలో ఉన్న కౌంటీ కచేరీల్లోకెల్లా పాతది ఇదే.

ఆ 1873లోనే జరిగిన మరో సంగతిని దీని పక్కన పెట్టి చూడాలి. కాన్సస్ అన్న పేరే కాన్సా లేక కా అని పిలిచే జాతినుంచి వచ్చింది. 1846 నాటి ఒప్పందం తరువాత వాళ్ళను పొరుగున ఉన్న మోరిస్ కౌంటీలో, కౌన్సిల్ గ్రోవ్ దగ్గర ఒక పరిమిత ప్రాంతంలో ఉంచారు. మశూచి, ఆకలి, చుట్టూ వలసదారుల ఒత్తిడి వాళ్ళను క్షీణింపజేశాయి. 1873 వేసవిలో మిగిలినవాళ్ళను దక్షిణాన, నేటి ఓక్లహోమాకు తరలించారు. కాటన్‌వుడ్ ఫాల్స్‌లో భూమి హక్కులు భద్రపరచడానికి రాతి భవనం సిద్ధమైన ఏడాదే, ఆ భూమి మీద అంతకుముందు హక్కున్నవాళ్ళు వెళ్ళిపోయారు. దస్తావేజుల గదిలోని మొదటి పుస్తకం ఎక్కడ మొదలవుతుందో చూస్తే దానికి ముందున్నదేదీ అందులో ఉండదు. రెవెన్యూ రికార్డుల్లో బతికినవాణ్ని గనుక చెబుతున్నాను, ఏ దేశంలోనైనా రికార్డు తనకు ముందున్న అనుభవదారును తలచుకోదు.

భవనం పని నడుస్తున్న రోజుల్లోనే ఊరికి ఒక పెద్ద దెబ్బ తగిలింది. ఆచిసన్, టొపీకా, శాంటా ఫే రైలుమార్గం 1871లో ఈ కౌంటీ గుండా వచ్చింది, కాని నదికి ఉత్తరపు ఒడ్డున, ఊరికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలోంచి పోయింది. అక్కడ కాటన్‌వుడ్ స్టేషన్ అన్న చిన్న ఊరు మొలిచింది. 1881లో దానికి రైల్వే అధ్యక్షుడు విలియం బార్‌స్టో స్ట్రాంగ్ పేరు మీద స్ట్రాంగ్ సిటీ అని పేరు మార్చారు. పశువులు దిగేదీ ఎక్కేదీ అక్కడే, రాతి గనుల వ్యాపారమూ అక్కడే. ఆ కాలంలో కాన్సస్‌లో రైలు తప్పిపోయిన కౌంటీ కేంద్రాలు రైలున్న ఊరికి మారిపోవడం కొత్తేమీ కాదు. ఇళ్ళను చక్రాల మీద ఎక్కించి లాక్కుపోయిన ఊళ్ళున్నాయి. మరి ఇక్కడ కేంద్రం ఎందుకు కదలలేదు? ఏకైక కారణం చూపడం కష్టమే గాని నా ఉద్దేశం ఇది: చెక్క భవనమైతే వదిలేసి పోయేవాళ్ళు, చుట్టుపక్కల కొండను చెక్కి, రెండువేలమంది నెత్తిన అప్పు పెట్టి కట్టిన రాతి భవనాన్ని వదిలి వెళ్ళడానికి ఎవరికీ చేతులు రాలేదు. కట్టడం ఒక ప్రతిష్ఠ అనుకున్నారు. అది ఊరికి లంగరైంది. ఊళ్ళు రెండూ పోట్లాడుకోవడం మానేసి, 1880ల చివర్లో మధ్యన పశువులు లాగే ట్రామును నడుపుకున్నాయి. ఈ రోజుకీ అదే సర్దుబాటు కొనసాగుతోంది: హైస్కూలు ఇక్కడ, ప్రాథమిక పాఠశాల అక్కడ, కోర్టు ఇక్కడ, రోడియో అనే కౌబాయ్‌ల పోటీ అక్కడ. స్ట్రాంగ్ సిటీ రోడియో 1930ల చివరినుంచి జూన్ నెలలో జరుగుతోంది. దాన్ని మొదలుపెట్టిన రాబర్ట్స్ కుటుంబంలోని జెరాల్డ్ రాబర్ట్స్ 1942లోనూ 1948లోనూ ప్రపంచ ఆల్‌రౌండ్ కౌబాయ్ విజేత అయ్యాడు. రైలూ జాతీయ రహదారీ ఉన్న స్ట్రాంగ్ సిటీలో 2020 నాటికి ఉన్నది 386 మంది, రైలు లేని కాటన్‌వుడ్ ఫాల్స్‌లో అంతకు రెట్టింపు మించి. ఈ తేడా కచేరీ వల్ల వచ్చినదే.

కేంద్రం కోసం పోట్లాడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి శామ్ వుడ్ దగ్గరికి తిరిగి వెళదాం. 1880ల్లో అతడు కాన్సస్ నైరుతి మూలన స్టీవెన్స్ కౌంటీలో తన పేరు మీదనే వుడ్స్‌డేల్ అన్న ఊరు పెట్టి, కౌంటీ కేంద్రం దానికే రావాలని పట్టుబట్టాడు. ఎదురుగా హ్యూగోటన్. రెండు ఊళ్ళూ ఆయుధాలు పట్టాయి. 1888 జులై 25న రాష్ట్ర సరిహద్దు దాటి, అప్పటికి ఏ కోర్టు పరిధిలోకీ రాని నేల మీద, గడ్డి కోసుకొనేవాళ్ళ విడిదిలో నిద్రపోతున్న వుడ్స్‌డేల్ షెరీఫ్ జాన్ క్రాస్‌ను, అతని మనుషుల్ని హ్యూగోటన్ ముఠా పట్టుకొని కాల్చింది. నలుగురు చనిపోయారు, ఒకడు చచ్చినట్టు పడి ఉండి బయటపడ్డాడు. ఆ బతికినవాడి సాక్ష్యంతో టెక్సస్‌లోని పారిస్ కోర్టులో ఉరిశిక్షలు పడ్డాయి. ఆ కేసులో అభియోగ పక్షాన పనిచేసినవాళ్ళలో వుడ్ ఒకడు. 1891లో సుప్రీంకోర్టు ఆ తీర్పులను కొట్టేసింది. అదే ఏడాది జూన్ 23న హ్యూగోటన్‌లో, కోర్టుగా వాడుకుంటున్న చర్చి నుంచి బయటికి వస్తున్న వుడ్‌ను జేమ్స్ బ్రెన్నన్ అనేవాడు భార్య చూస్తుండగానే కాల్చి చంపాడు. రెండు పక్షాలకూ చెందని జ్యూరీ సభ్యులు ఆ కౌంటీలో దొరక్కపోవడంతో బ్రెన్నన్ మీద విచారణే జరగలేదు. వుడ్‌ను కాటన్‌వుడ్ ఫాల్స్‌కు తెచ్చి పూడ్చారు. వుడ్స్‌డేల్ ఇప్పుడు లేదు. ఇదంతా మన దీక్షా శిబిరాలను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఒక కేంద్రం తెచ్చే భూమి ధర మనుషుల్ని ఎంతదూరం తీసుకువెళుతుందో చూపడానికి చెబుతున్నాను.

మిట్టల మీది జీవనానికి వస్తాను. రాంచి యజమానికి గడ్డే పంట, కోసుకొనేది పశువు. రైలు వచ్చాక టెక్సస్ నుంచి బక్కచిక్కిన కోడెలను వసంతంలో దించి, వేసవంతా ఇక్కడ మేపి, బలిశాక కాన్సస్ సిటీ, షికాగో మార్కెట్లకు ఎక్కించడం మొదలైంది. కింద ఉన్న సున్నపురాయి వల్ల గడ్డికి పుష్టి ఎక్కువని అక్కడివాళ్ళ నమ్మకం. మార్కెట్టు తూకం కూడా దాన్ని కాదనలేదు. ఆ గడ్డి ముఖ్యంగా నాలుగు రకాలు, వాటిలో పెద్ద బ్లూస్టెమ్ అనేది శరత్తు నాటికి మనిషి ఎత్తు దాటుతుంది, వేళ్ళు అంతకు మించి లోతుకు దిగుతాయి. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో కొండలకు నిప్పు పెడతారు. గాలి ఎటు ఉందో, ఎంత వేగంగా ఉందో చూసుకొని షెరీఫ్ కార్యాలయానికి ఫోను చేసి, ఇరుగుపొరుగులు నీళ్ళ ట్యాంకులతో, చీపుళ్ళతో వచ్చి నిలబడ్డాక, ముందు గాలికి ఎదురుగా అంచు కాల్చుకుంటారు. తరువాత అవతలి వైపు అంటిస్తారు. చీకటి పడేసరికి మిట్టల మీద మంట సన్నని గీతలై పాకుతూ ఉంటుంది, ఊళ్ళోకి బూడిద వాసన వస్తుంది. వారం పది రోజుల్లో ఆ నల్లని నేల మీద పచ్చని మొలక లేస్తుంది. కాల్చడం మానేస్తే సీడర్ చెట్లూ తుప్పలూ గడ్డిని మింగేస్తాయి. ఈ విద్యను ముందునుంచీ ఎరిగినవాళ్ళు అక్కడి ఆదివాసులు. రాంచి యజమానులు దాన్ని పశువుల బరువు లెక్కలోకి తెచ్చుకున్నారు.

ఈ మారుమూల కౌంటీ పేరు ఒక్కసారి దేశమంతా మార్మోగింది. 1931 మార్చి 31న కాన్సస్ సిటీ నుంచి లాస్ ఏంజెలస్ దిశగా వెళుతున్న ఫాకర్ విమానం కాటన్‌వుడ్ ఫాల్స్‌కు దక్షిణాన బజార్ అన్న పల్లె దగ్గర పచ్చికలో కూలిపోయి ఎనిమిదిమంది మరణించారు. వారిలో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ న్యూట్ రాక్నీ ఒకడు. అప్పటి అమెరికాలో అతడి పేరు తెలియని ఇల్లు లేదు. పశువులకు మేత వేస్తున్న రైతు కుర్రాళ్ళు మొదట అక్కడికి చేరుకున్నారు. శవాలను కేంద్రానికి తెచ్చారు, కౌంటీ కరోనర్ (ఆకస్మిక మరణాలపై విచారణ జరిపే అధికారి) విచారణ కాటన్‌వుడ్ ఫాల్స్‌లోనే జరిగింది. చెక్కతో చేసి జిగురుతో అతికించిన రెక్కలోకి చెమ్మ చేరడం వల్ల అది ఊడిందని తేలింది. ఆ తరువాత చెక్క రెక్కల ప్రయాణికుల విమానాలపై జనానికి నమ్మకం పోయింది. పూర్తి లోహపు విమానాల వైపు పరిశ్రమ పరుగెత్తింది. బోయింగ్ 247, డగ్లస్ డీసీ-3 ఆ పరుగులో పుట్టినవే. ఎవరు ఎక్కడివారైనా, చావు ఎక్కడ జరిగితే అక్కడి కచేరీలోనే దానికి కాగితం పుట్టాలి. వెయ్యి మైళ్ళకు పైగా దూరం పోయే విమానమైనా, ఆకాశంలో ఉన్నంతసేపే అది దేశానిది, నేల మీద పడితే ఒక కౌంటీది.

రాంచి యజమానులకు తమ నేల మీద ఉన్న పట్టుదల ఎంతటిదో జాతీయ ఉద్యానవనం వివాదంలో బయటపడింది. ఎత్తు గడ్డి మైదానానికి ఒక జాతీయ ఉద్యానవనం ఉండాలన్న ఆలోచన చాలాకాలంగా ఉంది. 1961లో సమాఖ్య భూములు, జాతీయ ఉద్యానవనాలు చూసే ఆంతరంగిక శాఖ మంత్రి స్టూవర్ట్ యూడాల్ ఉత్తరాన పాటవాటమీ కౌంటీలో స్థలం చూడటానికి హెలికాప్టరులో దిగితే, ఆ పచ్చిక కౌలుదారు నా నేల మీంచి పొమ్మని తరిమేశాడు. ప్రభుత్వం భూమి సేకరిస్తుందన్న భయం, ప్రభుత్వ భూమి పన్ను కట్టదు గనుక కౌంటీ ఖజానా ఎండిపోతుందన్న లెక్క, రెండూ అందులో ఉన్నాయి. రెండో లెక్క తేలికగా తీసుకోవలసింది కాదు. బడి, రోడ్డు, షెరీఫ్ జీతం అన్నీ భూమి పన్ను మీదే నడిచే చోట అది న్యాయమైన ఆందోళన. చివరికి చేజ్ కౌంటీలో ఒక మధ్యేమార్గం దొరికింది. స్ట్రాంగ్ సిటీకి ఉత్తరాన స్టీఫెన్ జోన్స్ అనే పశువుల వ్యాపారి 1881లో కట్టిన రాతి మేడ, రాతి కొట్టం ఉన్న రాంచిని 1994లో ఒక ప్రైవేటు ట్రస్టు కొంది. సెనేటర్ నాన్సీ కాసెబామ్ చొరవతో 1996 నవంబరులో ఆ 10,894 ఎకరాలు జాతీయ పరిరక్షణ ప్రాంతమయ్యాయి, కాని సమాఖ్య ప్రభుత్వానికి సొంతంగా 180 ఎకరాలకు మించి ఉండకూడదన్న షరతు మీద. తక్కిన భూమి 2005 నుంచి నేచర్ కన్సర్వెన్సీ అనే ప్రైవేటు పరిరక్షణ సంస్థది. 2009లో బైసన్ అనే అమెరికా అడవిదున్నలను తెచ్చి వదిలారు. ప్రభుత్వం నడుపుతుంది, భూమి మాత్రం ప్రభుత్వానిది కాదు; పరస్పరం నమ్మనివాళ్ళు కలిసి రాసుకున్న ఒప్పందం ఇలాగే ఉంటుంది, నా దృష్టిలో అది దాని లోపం కాదు.

ఇక ఇప్పటి సంగతి. 1900లో కౌంటీ జనాభా 8,246. ఆ తరువాత ట్రాక్టరు వచ్చింది, కమతాలు కలిసిపోయాయి, పిల్లలు ఎంపోరియా, విచిత వంటి పట్టణాలకు పోయారు, లోయలోని చిన్న ఊళ్ళలో బళ్ళూ దుకాణాలూ మూతపడ్డాయి. నేటి సంఖ్య, కచేరీకి పునాది తవ్విన నాటి సంఖ్యకు దాదాపు దగ్గరగా వచ్చింది. బ్రాడ్‌వే మీద పాత రాతి భవనాల్లో కొన్ని కళా దుకాణాలయ్యాయి, 1884 నాటి హోటలును బాగుచేసి నడుపుతున్నారు, శుక్రవారం సాయంత్రాల్లో ఫిడేళ్ళు, గిటార్లు పట్టుకొని చుట్టుపక్కలవాళ్ళు వచ్చి వాయించుకొనే సంప్రదాయం ఏర్పడింది. 1914 నాటి కాంక్రీటు తోరణాల వంతెన మీద ఇప్పుడు బళ్ళు పోవు, మనుషులు నడుస్తారు. పర్యాటకులు ఇవన్నీ ఫోటోలు తీసుకుంటారు. వారు తీయనిది ఊళ్ళోనే ఉన్న కొత్త జైలు. సొంత ఖైదీలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగేంత మందే ఉండే కౌంటీకి అంత పెద్ద జైలు ఎందుకంటే, చాలా ఏళ్ళుగా ఇందులో అమెరికా వలస శాఖ పట్టుకున్నవాళ్ళను ఖైదీకి రోజుకింత అన్న లెక్కన ఉంచుకుంటున్నారు. ఆ ఆదాయం కౌంటీ బడ్జెటులో చిన్నది కాదు. దేశదేశాల నుంచి వచ్చి, ఈ ఊరి పేరు ఎన్నడూ వినని మనుషులు, తమ వాయిదాల కోసం ఇక్కడ ఎదురుచూస్తుంటారు. బానిసత్వానికి ఎదురు నిలిచి శామ్ వుడ్ పెట్టించిన కౌంటీలో ఇది నడుస్తోందని గుర్తుచేసుకుంటే ఇబ్బందిగానే ఉంటుంది. అదే సమయంలో ఆ డబ్బు లేకపోతే ఎవరి జీతం ఆగుతుందో కమిషనర్లకు తెలుసు. నేను వాళ్ళ స్థానంలో ఉంటే ఏం చేసేవాణ్నో సులువుగా చెప్పలేను.

మనవాళ్ళు విచితాలోనూ కాన్సస్ సిటీలోనూ చాలామంది ఉన్నారు. విచిత నుంచి కారులో గంటన్నర లోపే ప్రయాణం. వెళితే పనిదినాన వెళ్ళండి, శని ఆదివారాల్లో కాదు. కచేరీ అప్పుడే తెరిచి ఉంటుంది, లోపల పని జరుగుతూ ఉంటుంది. మెట్లు ఎక్కి పైకి వెళ్ళి, దస్తావేజుల గది గుమ్మంలో నిలబడి పాత పుస్తకాలు తీసి చూపించమని అడిగే హక్కు మీకు కూడా ఉంటుంది, ఎందుకంటే అవి ప్రజల రికార్డులు. ఈ విషయంలో మాత్రం మన రికార్డు గదులు వాళ్ళనుంచి నేర్చుకోవలసింది ఉంది. ప్రశ్నలుంటే చెప్పండి, తెలిసినంతవరకు జవాబు ఇస్తాను.